పాట మనది, పెట్టె ఎవరిది?

ఆదివాసీల చరిత్ర రాతలో తక్కువ, పాటలో ఎక్కువ. ఏ కొండ మీద ఎవరు మొదట పోడు కొట్టారో, ఏ గెడ్డ ఎవరి హద్దో, ఏ ముఠాదారు కాలంలో ఎవరు వెట్టి చేశారో మన పెద్దలు కాగితం మీద పెట్టలేదు. పాటలో పెట్టారు, కథలో పెట్టారు, దిశారి పలికే మాటల్లో పెట్టారు, చావు ఇంట ఏడ్చే ఏడుపులో పెట్టారు. అందువల్ల మన చరిత్రను దాచుకోవాలంటే ముందు మన గొంతులను దాచుకోవాలి. గొంతును పట్టి ఉంచే యంత్రం ఎప్పుడు పుట్టింది? అది మన దాకా ఎలా వచ్చింది? వచ్చినప్పుడు ఎవరి చేతిలో ఉంది? ఇవాళ ఎవరి చేతిలో ఉండగలదు? ఈ నాలుగు ప్రశ్నలే ఈ వ్యాసం.

మేం చోడవరం వైపు నుంచి మాట్లాడుతున్నాం. అనకాపల్లి నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాటీ ఎక్కే దారిలో ఇది మైదానపు ఊరు. చెరకు తోటలు, బెల్లం, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ అంటే అందరికీ తెలిసిన ప్రాంతం. నిన్నమొన్నటి దాకా విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక చోడవరం అనకాపల్లి జిల్లాలోకి, పైనున్న పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయాయి. చుట్టుపక్కల మాడుగుల, చీడికాడ, రావికమతం, దేవరాపల్లి మండలాల్లో కొండ అంచున ఉన్న మన గూడేల్లో చాలావి ఐదో షెడ్యూలు గీతకు బయటే మిగిలిపోయాయి. పైకి ఎక్కితే బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, గదబ, పోర్జ, ఖోండు, కమ్మర ఊళ్లు. కింద ఉన్న కొండదొరల్లో ఎక్కువమందికి ఇప్పుడు ఇంటి భాష తెలుగే. భాష మారిన చోట పాట ముందు పోతుంది. కొండ అంచున ఉన్నవాళ్లం కాబట్టి ఆ పోవడం మాకు ముందుగా కనిపిస్తోంది.

శబ్దం కన్నా ముందు బొమ్మ

శబ్దాన్ని పట్టుకున్న మొదటి యంత్రం ఆ శబ్దాన్ని తిరిగి వినిపించలేదు. బొమ్మ మాత్రమే గీసింది. 1857లో ఫ్రాన్సులో ఎదువార్ లియోన్ స్కాట్ అనే ముద్రణ పనివాడు ఒక పరికరం చేశాడు. గరాటులో మాట్లాడితే పలుచని పొర కదులుతుంది, దానికి అంటించిన సన్నని వెంట్రుక పొగ పట్టించిన కాగితం మీద గీత గీస్తుంది. గొంతు కదిలినట్టల్లా గీత వంకర్లు పోతుంది. ఆ గీతను చూసి మాటను చదవవచ్చని ఆయన ఆశ. తర్వాత 20 ఏళ్లకు, 1877లో అమెరికాలో ఎడిసన్ ఫోనోగ్రాఫు చేశాడు. అది పట్టిన మాటను తిరిగి పలికించింది. లోకం ఎడిసన్‌ను గుర్తుపెట్టుకుని స్కాట్‌ను మరిచిపోయింది.

స్కాట్ 1860లో ఒక ఫ్రెంచి జానపద గీతపు ముక్కను కాగితం మీద గీశాడు. ఆ కాగితం పారిస్‌లో భద్రంగా ఉండిపోయింది. 2008లో అమెరికాలో కొందరు పరిశోధకులు దాన్ని ఫొటో తీసి, గీతను కంప్యూటరులో అంకెలుగా మార్చి, తిరిగి శబ్దంగా వినిపించారు. 148 ఏళ్ల తర్వాత ఆ గొంతు నోరు విప్పింది. మొదట విన్నప్పుడు ఆడపిల్ల పాడినట్టు ఉంది. వేగం రెట్టింపు పెట్టామని తర్వాత తెలిసి సరిచేస్తే అది మగగొంతు, బహుశా స్కాట్‌దే అన్నారు.

ఈ కథ మనకు రెండు పాఠాలు చెబుతుంది. అసలు ప్రతి చెడకుండా ఉంటే, దాన్ని తెరిచే సాధనం ఈ తరంలో లేకపోయినా రాబోయే తరంలో పుట్టవచ్చు. రెండోది, సాధనం తప్పుగా వాడితే మగవాడి పాట ఆడపిల్ల పాట అయిపోతుంది. పనిముట్టు ఎంత గొప్పదైనా, వినేవాడికి ఆ పాట తెలిసి ఉండాలి.

మన దగ్గరికి వచ్చిన గ్రామఫోను

మన దేశంలో వ్యాపారానికి గ్రామఫోను రికార్డులు 1902లో కలకత్తాలో మొదలయ్యాయి. అప్పుడు పాడిన గౌహర్ జాన్ పేరు దేశమంతా మోగింది. అదే రోజుల్లో ప్రభుత్వం కూడా గొంతుల వెంట పడింది. జార్జి గ్రియర్సన్ ఆధ్వర్యంలో సాగిన భారత భాషల సర్వే మద్రాసు రాజధానిని వదిలేసింది. అప్పటి విశాఖపట్నం జిల్లా ఆ రాజధానిలోదే కాబట్టి మన కొండ భాషలకు ఆ పెద్ద సంపుటాల్లో నేరుగా సర్వే జరగలేదు. గ్రామఫోను రికార్డులు మాత్రం మద్రాసు ప్రభుత్వమూ తీయించింది. ఆ రికార్డుల్లో ఉన్న మాటల పాఠాన్ని 1927లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం పుస్తకంగా వేసింది.

ఈ సర్వేలో అన్ని భాషలవాళ్ల చేతా చెప్పించడానికి పెట్టుకున్న కథ ఒకటుంది. అది బైబిలులోని తప్పిపోయిన కుమారుడి కథ. భాషలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఒకే కథ కావాలి, పండితుడికి అది సులువు. కానీ చెప్పేవాడి వైపు నుంచి చూడండి. జీవితంలో ఒక్కసారి యంత్రం ముందు నోరు తెరిచే అవకాశం వస్తే, పక్కవాడి కథ చెప్పి రావాల్సి వచ్చింది. ఏ మాట పలకాలో, ఎంతసేపు పలకాలో, ఆ పళ్లెం ఎక్కడికి పోవాలో అన్నీ పెట్టె ఉన్నవాడే నిర్ణయించాడు. ప్రతులు లండన్‌లోని సంస్థలకు చేరాయి. ఇప్పుడు షికాగో విశ్వవిద్యాలయపు దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయం వాటిని ఇంటర్నెట్‌లో పెట్టింది. ఫోను ఉన్న ఎవరైనా వినవచ్చు. అది మంచి మాట. అయితే మన తాతల గొంతు మన దాకా రావడానికి ఇన్ని దేశాలు తిరగాల్సి వచ్చిందన్నది కూడా చరిత్రే.

పెట్టె లేకుండా చెవితోనే పని చేసిన మనిషిని కూడా ఇక్కడ తలుచుకోవాలి. గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల మాట విని నేర్చుకున్నాడు. వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసి బడులు పెట్టాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. ఆ రోజున బడిలో సవర ముచ్చట ఎంతమంది పంతుళ్లు ఎత్తుతున్నారో ఆలోచించుకోవాలి. సవరల్లోనే మంగయి గొమాంగో 1936లో తమ భాషకు సొంత లిపి తయారుచేశాడు. చెవి, చెయ్యి రెండూ మనవే అయిన సందర్భం అది.

తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో కొండ భాషను, అంటే కూబిని, పరిశీలించి రాసిన పుస్తకం 1969లో హైదరాబాదు గిరిజన సాంస్కృతిక పరిశోధన సంస్థ ప్రచురణగా వచ్చింది. పేరి భాస్కరరావు కొనెకొర్ గదబ మీద రాసిన పుస్తకం 1980లో పుణె దక్కన్ కాలేజీ నుంచి వచ్చింది. వీళ్ల పని వల్లే మన భాషలు లోకానికి తెలిశాయి. కానీ పుస్తకంలో అక్షరం ఉంటుంది, గొంతు ఉండదు. ఇంగ్లీషు చదవగలిగినవాడికే ఆ అక్షరం కూడా అందుతుంది.

గొంతు ఎంత తొందరగా పోతుందో చెప్పడానికి ఒరిస్సా సవరల ఉదాహరణ చాలు. 1975 నుంచి వాళ్ల మధ్య ఉండి పనిచేసిన పియర్స్ విటెబ్‌స్కీ, చనిపోయినవాళ్లు పూనకపు మనిషి నోట బంధువులతో మాట్లాడే ఆచారాన్ని రికార్డు చేసి 1993లో పుస్తకం రాశాడు. అదే మనిషి 2017లో రాసిన ఇంకో పుస్తకం, ఆ మాటలు లేకుండా బతకడం నేర్చుకున్న తరం గురించి. మధ్యలో గడిచింది ఒక్క తరమే.

టేపు నుంచి మెమరీ కార్డు దాకా

టేపు రికార్డరు వచ్చాక పెట్టె కొంచెం కిందికి దిగింది. క్యాసెట్లు, ఆ తర్వాత సీడీలు, ఆ తర్వాత చిన్న ఫోన్లు వచ్చాయి. చోడవరం లాంటి ఊళ్లలో సెల్ షాపుకు వెళ్లి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకోవడం మన యువతకు కొత్త కాదు. సినిమా పాటల మధ్య థింసా పాటలు కూడా అలా కొండ ఎక్కాయి, దిగాయి. పెళ్లిలో, ఇటుకల పండుగలో ఫోను ఎత్తి రికార్డు చేసుకోవడం ఇప్పుడు ప్రతి గూడెంలోనూ ఉంది.

అంటే పెట్టె మన చేతికి వచ్చిందా? సగమే వచ్చింది. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది ఫైలు మీద ఉండదు. ఫోను పాడైతే పాట పోతుంది. కార్డు నీళ్లలో పడితే పోతుంది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజిగానో వీడియోగానో పంపితే సైజు తగ్గించడానికి శబ్దంలోంచి కొంత తీసేస్తుంది. కొమ్ము ఊదిన గరుకుదనం, తుడుం చివర మోగే గుమ్మరింపు ముందుగా పోయేవి. మనం విన్నామనుకునేది పాట నీడ. ఇంతకుముందు పెట్టె లేక పోగొట్టుకున్నాం, ఇప్పుడు పెట్టె ఉండీ పోగొట్టుకుంటున్నాం.

గొంతు అంకెలుగా మారడం

ఇక్కడ కొంచెం లెక్క తెలుసుకోవాలి. బడిలో సైన్సు చెప్పే మిత్రులు దీన్ని పాఠంగానే చెప్పవచ్చు. శబ్దం అంటే గాలిలో ఒత్తిడి పెరగడం, తగ్గడం. డిజిటల్ రికార్డింగులో యంత్రం ఆ ఒత్తిడిని సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలు రాసుకుంటుంది. సీడీకి కుదిరిన లెక్క సెకనుకు 44,100 కొలతలు. మనిషి చెవికి వినిపించే పై హద్దు సుమారు 20,000 కంపనాలు. ఏ కంపనాన్నైనా పట్టాలంటే దానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలి, అందుకే ఆ అంకె. ఒక్కో కొలతను 16 బిట్లలో, అంటే 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టుగా రాస్తారు.

ఈ అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టు దాచితే అది వేవ్ ఫైలు. ఒక్క మైకుతో చేసిన గంట రికార్డింగు 300 మెగాబైట్లు దాటుతుంది. ఎంపీ3లో పెడితే అదే గంట 60 మెగాబైట్ల లోపు వస్తుంది, కానీ చెవికి అంతగా తెలియదనుకున్న శబ్దాన్ని తీసేసి అంత చిన్నది అవుతుంది. తీసేసింది తిరిగి రాదు. పైగా ఎంపీ3 మీద 2017 దాకా పేటెంట్లు ఉన్నాయి. అప్పట్లో దాన్ని వాడి సాఫ్ట్‌వేర్ చేసి అమ్మేవాళ్లు సుంకం కట్టాల్సి వచ్చేది. 2001లో ఫ్లాక్ అనే ఇంకో పద్ధతి వచ్చింది. ఇందులో ఏదీ తీసెయ్యరు, మడిచి పెడతారు. వేవ్‌లో సగం చోటు పడుతుంది, విప్పితే మొదటి అంకెలే వస్తాయి. దీని మీద ఎవరికీ సుంకం లేదు. చోళ్లను గాదెలో పోసుకోవడానికీ పిండి పట్టించుకోవడానికీ ఉన్న తేడాయే ఇది. పిండి వెంటనే వండుకోవడానికి బాగుంటుంది, విత్తనానికి మాత్రం గింజే కావాలి. వేవ్, ఫ్లాక్ గింజలు. ఎంపీ3 పిండి.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

విత్తనం మాట వచ్చింది కాబట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంగతి తేలిగ్గా చెప్పుకోవచ్చు. మన పెద్దలు విత్తనం దాచుకున్నారు, పక్కింటికి ఇచ్చారు, మంచి వెన్ను ఏరి మార్చుకున్నారు. కంపెనీ విత్తనం వచ్చాక ప్రతి ఏడూ కొనుక్కోవాలి, లోపల ఏముందో మనకు తెలియదు. సాఫ్ట్‌వేర్‌లోనూ అదే జరిగింది. మొదట్లో ప్రోగ్రాములు రాసేవాళ్లు ఒకరి రాత ఒకరికి ఇచ్చుకునేవాళ్లు. కంపెనీలు పెరిగాక ఆ రాతను, అంటే సోర్స్ కోడును, దాచేశాయి.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ దీనికి ఎదురు నిలబడి గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1989లో జీపీఎల్ అనే లైసెన్సు వచ్చింది. అది ఇచ్చే హక్కులు నాలుగు: ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చదివి మార్చుకోవచ్చు, ఇతరులకు ప్రతులు ఇవ్వవచ్చు, మార్చిన ప్రతిని కూడా పంచవచ్చు. షరతు ఒక్కటే, పంచేటప్పుడు తీసుకున్నవాడికీ ఈ హక్కులే ఇవ్వాలి. డబ్బు లేకుండా దొరికేదంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. ఎన్నో యాప్‌లు ఉచితంగా వస్తాయి, కానీ మన పాట వాళ్ల సర్వరులో ఉంటుంది, తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది. తెలుగు నేల మీద ఈ ఉద్యమాన్ని 2005 నుంచి హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ నడుపుతోంది. కంప్యూటరు తెర మీద తెలుగు కనిపించేలా చేయడంలోనూ దాని పాత్ర ఉంది.

నాలుగు పనిముట్లు

వినడానికి వీఎల్‌సీ ఉంది. 1996లో పారిస్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టిన పని 2001లో జీపీఎల్ కిందికి వచ్చింది. పాత ఫోనులోని వింత ఫైలైనా, ఎప్పుడో తీసిన సీడీ అయినా సాధారణంగా అది తెరుస్తుంది. వేగం తగ్గించి వినడం కూడా కుదురుతుంది. ముసలమ్మ గబగబా చెప్పిన కథను మాట మాటగా రాసుకునే పంతులుకు ఇదొక్కటే పెద్ద సాయం.

కత్తిరించి శుభ్రం చేయడానికి ఆడాసిటీ ఉంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో మొదలుపెట్టి 2000లో బయటికి వదిలారు. ఇందులో శబ్దం అలల బొమ్మగా కనిపిస్తుంది. గట్టిగా పాడిన చోట అల లావుగా, ఊపిరి తీసుకున్న చోట సన్నగా ఉంటుంది. క్యాసెట్ ప్లేయరును తీగతో కంప్యూటరుకు కలిపి, పాత క్యాసెట్లను ఇందులోకి ఎక్కించుకోవచ్చు. 2021లో ఒక కంపెనీ ఈ ప్రాజెక్టును చేతిలోకి తీసుకుని, వాడేవాళ్ల సమాచారం సేకరిస్తామన్నట్టు ఒక ప్రకటన పెట్టింది. లోకమంతా గోల చేస్తే ఆ మాట మార్చుకుంది. ఈలోగా కొందరు ఆ కోడునే తీసుకుని వేరే పేరుతో సొంత ప్రతి మొదలుపెట్టారు కూడా. స్వేచ్ఛ అంటే ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. యజమాని మారినా విత్తనం మన గాదెలోనే ఉంటుంది.

మాటను పరీక్షించడానికి ప్రాట్ ఉంది. డచ్చి భాషలో ఆ మాటకు మాట్లాడటం అని అర్థం. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బోర్స్‌మా, డేవిడ్ వీనింక్ 1990ల తొలినాళ్ల నుంచి దీన్ని చేస్తున్నారు. ఇది స్పెక్ట్రోగ్రామ్ చూపిస్తుంది. అంటే కాలం ఎడమ నుంచి కుడికి, కంపనాలు కింది నుంచి పైకి, బలం నలుపు తెలుపుల్లో కనిపించే బొమ్మ. 1940లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఈ బొమ్మ గీసే యంత్రాన్ని తయారుచేశారు. తర్వాత వచ్చిన అలాంటి యంత్రాలు ఒక్కసారికి 2.4 సెకన్ల శబ్దాన్నే తీసుకునేవి, ఒక్క బొమ్మకు నిమిషాలు పట్టేది. పెద్ద విశ్వవిద్యాలయాలకే అవి ఉండేవి. ఆ పని ఇప్పుడు బడిలోని పాత కంప్యూటరు క్షణంలో చేస్తుంది.

దీనితో మనకు ఏమి పని? ఒక ఉదాహరణ చూద్దాం. తెలుగు బడిలో బండి ర అని ఱ అక్షరం నేర్పుతారు. పలకడంలో ర, ఱ తేడా తెలుగువాళ్ల నోట ఏనాడో పోయింది. కొండ భాషలో ఆ తేడా బతికే ఉంది. నాలుక ఒక్కసారి తగిలే ర వేరు, రెండు మూడుసార్లు కొట్టుకునే ఱ వేరు. అంతే కాదు, ఆ ఱలోనే గొంతు మోగేది ఒకటి, మోగనిది ఒకటి ఉన్నాయి. తెలుగు లిపిలో ఈ రెండింటికీ వేరువేరు గుర్తులు లేవు. ప్రాట్‌లో చూస్తే నాలుక కొట్టిన ప్రతి దెబ్బ దగ్గర సన్నని తెల్ల చీలిక కనిపిస్తుంది. గొంతు మోగితే బొమ్మ అడుగున నల్లని పట్టీ ఉంటుంది, మోగకపోతే ఉండదు. పిల్లలు తమ తాత చేత పలికించి ఈ బొమ్మ చూస్తే, తెలుగు మరిచిపోయిన శబ్దాన్ని తమ ఇల్లు దాచిందని కళ్లారా తెలుస్తుంది. సవరలో, గుతోబ్ గదబలో గొంతులోనే ఊపిరి తెగే శబ్దం ఉంది. తెలుగు అక్షరాల్లో రాస్తే అది ఎగిరిపోతుంది. బొమ్మలో ఆ తెగిన చోటు తెలుస్తుంది. 2004 నుంచి మన రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, బంజారా, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలైనప్పుడు వాచకాలు తెలుగు లిపిలోనే వేశారు. ఏ శబ్దానికి ఏ గుర్తు పెట్టాలన్న చర్చ ఇంకా చేయాల్సి ఉంది. ఆ చర్చలో పండితుడి చెవితో పాటు మన పంతులు చూపించే బొమ్మ కూడా సాక్ష్యమే.

పాటను పరీక్షించడానికి సోనిక్ విజువలైజర్ ఉంది. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో పుట్టింది, ఇదీ జీపీఎల్ కిందే. దీనిలో పాట మీద పొరలు పొరలుగా గుర్తులు పెట్టుకోవచ్చు: ఒక పొరలో పాట మాటలు, ఒక పొరలో తుడుం దెబ్బలు, ఒక పొరలో రాగం ఎక్కి దిగిన గీత. థింసాలో కిరిడి, తుడుం, డప్పు, మోరి, జోడుకొమ్ములు కలిసి మోగుతుంటే చెవి అన్నింటినీ ఒకటిగా వింటుంది. బొమ్మలో తుడుం అడుగున, మోరి పైన విడివిడిగా కనిపిస్తాయి. అడుగు మారిన చోట దెబ్బ ఎలా మారిందో గుర్తు పెట్టి, వచ్చే తరానికి నేర్పవచ్చు.

ఒక జాగ్రత్త అవసరం. తాళం దెబ్బలను తనంతట తాను లెక్కపెట్టే పరికరాలు దీనికి కలుపుకోవచ్చు. అవి ఎక్కువగా పాశ్చాత్య సంగీతాన్ని మనసులో పెట్టుకుని చేసినవి. మన డప్పు దెబ్బను తప్పుగా లెక్కపెట్టవచ్చు. అలాగే మన అవ్వల పాటలో స్వరం హార్మోనియం మెట్ల మధ్యలో నిలుస్తుంది. మెట్టుకు తగలలేదు కాబట్టి శ్రుతి తప్పిందని యంత్రం చెబితే నమ్మాల్సిన పని లేదు. స్కాట్ గొంతును ఆడపిల్ల గొంతుగా వినిపించింది కూడా యంత్రమే. చివరి మాట పాడినవాళ్లదే.

వీటికి తోడు ఈలాన్ అనే ఇంకో సాధనం ఉంది. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ భాషా సంస్థ చేసింది. పాటకో వీడియోకో కింద వరసలుగా మాట మాటా రాసుకోవచ్చు: ఒక వరసలో కువి, ఒక వరసలో తెలుగు అర్థం, ఒక వరసలో వివరణ. ఏ మాట మీద నొక్కితే ఆ చోట గొంతు వినిపిస్తుంది. సవర, హో, రెమో లాంటి భాషలకు మాట్లాడే నిఘంటువులు 2012లో ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. మాట నొక్కితే ఆ భాషవాళ్లే పలుకుతారు. ఈలాన్‌లో రాసిపెట్టుకున్న పాట అలాంటి నిఘంటువుకు ముడి సరుకు.

సాధనం వస్తే హక్కు వస్తుందా?

పైన చెప్పిన చరిత్రలో ఒక క్రమం ఉంది. గ్రామఫోను కాలంలో పెట్టె, పళ్లెం, కథ మూడూ పరాయివే. టేపు కాలంలో పెట్టె కొంత మనది, దాచే చోటు పరాయిది. ఫోను కాలంలో పెట్టె మనది, తాళం పరాయిది. స్వేచ్ఛా సాధనాలతో తాళం కూడా మన చేతికి వస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ ప్రొఫెసరు వాడే పనిముట్టే చోడవరం హైస్కూలు పిల్లవాడూ వాడతాడు. పనిముట్టులో పెద్ద చిన్న తేడా లేకపోవడం ఆదివాసీ భాషల చరిత్రలో ఇదే మొదటిసారి.

కానీ కోడుకు స్వేచ్ఛ ఉందని పాటకూ అదే వర్తించదు. జీపీఎల్ సాఫ్ట్‌వేర్‌కు సంబంధించింది, అవ్వ గొంతుకు కాదు. కొన్ని పాటలు పెళ్లిలోనే పాడాలి, కొన్ని మంత్రాలు దిశారి తప్ప ఇంకొకరు పలకకూడదు, కొన్ని ఆడవాళ్లవే. అలాంటివి రికార్డు చేయాలా వద్దా, చేస్తే ఎవరు వినాలి అన్నది ఊరు కూర్చుని తేల్చుకోవాలి. ఒకప్పుడు బయటివాళ్లు అడగకుండా పట్టుకెళ్లారని మనం అంటాం. ఫోను చేతిలో ఉన్న మన పిల్లలు కూడా అడగకుండా యూట్యూబులో పెడితే తేడా ఏముంది? పైగా ఇప్పుడు ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రతి గొంతునూ యంత్రాలకు మాట నేర్పడానికి వాడే కాలం వచ్చింది. ఇచ్చే ముందు ఎవరికి, ఎందుకు, ఏ షరతు మీద అన్నది తెలుసుకుని ఇవ్వాలి.

యువతకు, ఉపాధ్యాయులకు మేం చెప్పే పని చాలా చిన్నది. పాడేవాళ్లను ముందు అడగండి, వాళ్లు ఒప్పుకున్న మాట కూడా రికార్డులోనే చెప్పించండి. మొదలుపెట్టగానే ఊరు, తేదీ, పాడినవాళ్ల పేరు, భాష, పాట ఎప్పుడు పాడతారో మీ గొంతుతో చెప్పండి. ఫైలు పేరు మారినా ఆ మాట మారదు. ఫోనులో వేవ్‌గా రికార్డు చేసే సదుపాయం ఉంటే అదే వాడండి. ఫ్యాను ఆపండి, టీవీ ఆపండి, ఫోనును గొంతుకు జానెడు దూరంలో గుడ్డ మీద పెట్టండి. అసలు ఫైలును ముట్టుకోకుండా దాచి, కత్తిరింపులన్నీ నకలు మీదే చేయండి. మూడు ప్రతులు మూడు చోట్ల ఉంచండి: ఒకటి బడిలో, ఒకటి పాడినవాళ్ల ఇంట్లో, ఒకటి కొంచెం దూరపు ఊళ్లో. పాడినవాళ్ల ఇంట్లో ప్రతి ఉండడం అన్నింటికన్నా ముఖ్యం. వందేళ్ల కిందట మద్రాసులో కోసిన పళ్లెం పాడినవాడి ఇంటికి రాలేదు. ఆ ఒక్క పని మనం చేసినా చరిత్ర మలుపు తిరిగినట్టే.

2022 నుంచి 2032 దాకా ఆదివాసీ భాషల దశాబ్దమని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. సభలు జరుగుతాయి, బ్యానర్లు కడతారు. ఒక్క బడిలో ఒక్క కంప్యూటరు, నలుగురు పిల్లలు, పాట వచ్చిన ఒక్క అవ్వ ఉంటే మన దశాబ్దం మనం జరుపుకోవచ్చు. కావలసిన సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అవ్వ అనుమతి మాత్రం కావాలి. ఆమె ఉన్నప్పుడే అడగాలి.